అడాప్టర్ లోపల ఎంత దూరం వదలాలి? క్లియరెన్స్, క్రీపేజ్ లెక్క మొదటి నుంచి చివరి దాకా

230 వోల్టుల లైనుకూ, ఛార్జింగ్‌లో ఉండగానే చెవికి ఆనించుకునే ఫోనుకూ మధ్య అడాప్టర్ లోపల ఉండేది ఐదారు మిల్లీమీటర్ల దూరం. పీసీబీ (భాగాలను అతికే, రాగి గీతలున్న సర్క్యూట్ బోర్డు) గీసేవాళ్లలో చాలామంది దీన్ని ఒక అంకెగా గుర్తుపెట్టుకుంటారు. "ఆరు వదిలితే చాలు" అంటారు ఒకరు. "ఎనిమిది వదిలేయ్, టెన్షన్ ఉండదు" అంటారు ఇంకొకరు. ఆ అంకెలు కొన్ని ఉత్పత్తులకు సరిపోతాయి, కొన్నిటికి సరిపోవు, కొన్నిచోట్ల అనవసరంగా బోర్డును పెంచుతాయి. దేనికీ దేనికీ మధ్య, ఏ వోల్టేజీ దగ్గర, ఎలాంటి గాలిలో, ఏ పదార్థం మీద అనే ప్రశ్నలకు జవాబు దొరికాకే అంకె వస్తుంది. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది.

ఉదాహరణకు ఒక మామూలు వస్తువును తీసుకుందాం: వైఫై రూటర్‌కు వాడే 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్. ఇన్‌పుట్ 100–240 వోల్టులు. రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ లేదు, అంటే క్లాస్ 2 పరికరం. లోపల ఫ్లైబ్యాక్ సర్క్యూట్ (ట్రాన్స్‌ఫార్మర్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేసి వోల్టేజీని తగ్గించే రకం), ఎఫ్‌ఆర్-4 (గాజు నార, ఎపాక్సీతో చేసిన) పీసీబీ, ప్లాస్టిక్ డబ్బా. చివరికి దీనికి ఎన్ని మిల్లీమీటర్లు కావాలో లెక్కగట్టి, బోర్డు మీద గీసి, కొలిచి చూద్దాం.

ముందుగా: దూరాలు రెండు రకాలు

ప్రైమరీ వైపు (లైనుతో కలిసిన వైపు) ఒక సోల్డర్ పాయింట్ నుంచి సెకండరీ వైపు (12 వోల్టులు బయటికి వచ్చే వైపు) సోల్డర్ పాయింట్‌కు ఒక దారం పట్టుకోండి. దారాన్ని గాలిలో బిగువుగా లాగితే వచ్చే అతి తక్కువ పొడవు క్లియరెన్స్. అదే దారాన్ని బోర్డు ఉపరితలానికి ఆనించి, గుంటల్లోకి దింపి, గోడలెక్కించి తీసుకెళ్తే వచ్చే అతి తక్కువ పొడవు క్రీపేజ్. చదునైన బోర్డు మీద రెండూ ఒకటే. మధ్యలో స్లాటు గానీ, అడ్డుగోడ గానీ వస్తే వేరవుతాయి.

ఈ రెండింటినీ విడిగా లెక్కగట్టడానికి కారణం, అవి దెబ్బతినే తీరు వేరు కావడం. క్లియరెన్స్ క్షణంలో ఓడిపోతుంది. దగ్గర్లో పిడుగు పడినా, లైను మీద పెద్ద మోటారు ఆగినా వచ్చే సర్జ్, అంటే హఠాత్తుగా ఎగసే వోల్టేజీ, మైక్రోసెకన్లలో గాలిని చీల్చి దూకేస్తుంది. అందుకే అక్కడ శిఖర వోల్టేజీ, అంటే పీక్ విలువ ముఖ్యం. క్రీపేజ్ మాత్రం సంవత్సరాల తరబడి నెమ్మదిగా పాడవుతుంది. బోర్డు మీద దుమ్ము చేరుతుంది, వానాకాలంలో దానికి చెమ్మ తోడవుతుంది. ఆ పొర గుండా అతి చిన్న కరెంటు పారుతుంది. ఆ వేడికి పొర అక్కడక్కడా ఎండిపోతుంది. ఎండిన చీలిక దగ్గర వోల్టేజీ అంతా పోగై కంటికి కనిపించనంత చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ ప్లాస్టిక్‌ను, ఎపాక్సీని కాల్చి ఒక చుక్క బొగ్గు మిగులుస్తుంది. బొగ్గు కరెంటును పారనిస్తుంది. మళ్లీ చెమ్మ, మళ్లీ రవ్వ, ఇంకో చుక్క. ఇలా బొగ్గు గీత పెరిగి పెరిగి ఒకరోజు అవతలి ఒడ్డుకు చేరుతుంది. దీన్నే ట్రాకింగ్ అంటారు. ఇది ఎప్పుడూ ఉండే వోల్టేజీ చేసే పని కాబట్టి క్రీపేజ్‌కు ఆర్‌ఎంఎస్ విలువ, అంటే అంతే వేడి పుట్టించే డీసీకి సమానమైన విలువ, చూస్తాం.

ఈ తేడా మనసులో నాటుకుంటే కింది మెట్లలో సగం వాటంతటవే అర్థమవుతాయి.

1. ఏ ప్రమాణం వర్తిస్తుందో తేల్చుకోండి

మూల సూత్రాలన్నీ అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ ప్రచురించిన 60664-1లో ఉన్నాయి. తక్కువ వోల్టేజీ పరికరాల ఇన్సులేషన్ సమన్వయం దాని విషయం. కానీ మీ ఉత్పత్తిని పరీక్షించేది దానికంటూ ఉన్న ప్రమాణం ప్రకారమే. ఐటీ, ఆడియో, వీడియో పరికరాలకూ వాటి అడాప్టర్లకూ ఐఈసీ 62368-1. ఇది పాత 60950-1, 60065 రెండింటి స్థానంలో వచ్చింది. ఇళ్లలో వాడే మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెల వంటివాటికి ఐఈసీ 60335-1, మన దగ్గర దాని ఆధారంగా వచ్చిన భారత ప్రమాణం ఐఎస్ 302. ఎల్ఈడీ డ్రైవర్లకు ఐఎస్ 15885 రెండో భాగంలోని 13వ సెక్షన్. వైద్య పరికరాలకు ఐఈసీ 60601-1.

తేడా ఎంత పెద్దదో చూడండి. వైద్య ప్రమాణంలో రోగికి తగిలే భాగానికి రెండు అంచెల రక్షణ కావాలంటే, 250 వోల్టుల దగ్గర క్రీపేజ్ 8 మి.మీ., క్లియరెన్స్ 5 మి.మీ. అడుగుతారు. అదే వోల్టేజీకి రూటర్ అడాప్టర్‌లో 5 మి.మీ. క్రీపేజ్ సరిపోవచ్చు. రూటర్ కోసం చేసిన పవర్ సప్లైని తీసుకెళ్లి నెబ్యులైజర్‌లో పెట్టడం అందుకే కుదరదు.

భారత్‌లో అడాప్టర్లు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి వస్తాయి. ఆ ఉత్తర్వు 2012లో వచ్చింది. చాలాకాలం ఐఎస్ 13252 (60950-1 ఆధారంగా) నడిచింది, తర్వాత ఐఎస్/ఐఈసీ 62368 వైపు మార్పు మొదలైంది. డిజైన్ మొదలుపెట్టేటప్పుడే ల్యాబ్‌కు ఫోన్ చేసి ఏ ప్రమాణం, ఏ ఎడిషన్ అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మన ఉదాహరణ 62368-1 ప్రకారం నడుస్తుంది.

2. ఇన్సులేషన్ పటం గీయండి

అసలు పని ఇదే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా ప్రమాణంలోని దూరాల టేబుల్ దగ్గరకు వెళ్తారు. ఒక తెల్ల కాగితం మీద సర్క్యూట్‌ను పెట్టెలుగా గీయండి: ప్లగ్ పిన్నులు, ఫ్యూజ్, బ్రిడ్జ్ (ఏసీని డీసీగా మార్చేది), పెద్ద కెపాసిటర్, స్విచ్చింగ్ మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్), ట్రాన్స్‌ఫార్మర్, సెకండరీ డయోడ్, 12 వోల్టుల కేబుల్, బయటి డబ్బా. లైనుతో నేరుగా కలిసిన ప్రతి భాగానికీ ఎర్ర రంగు వేయండి. మనిషి తాకగలిగే ప్రతి దానికీ పచ్చ రంగు. 12 వోల్టుల కేబుల్ పచ్చ. డబ్బా బయటి ముఖం కూడా పచ్చే. ప్లాస్టిక్ కదా అని దాన్ని వదిలేయకూడదు.

ఇప్పుడు రంగులు కలిసే ప్రతిచోటా ఒక గీత గీసి, ఏ రకం ఇన్సులేషన్ కావాలో దాని పక్కన రాయండి. సర్క్యూట్ పనిచేయడానికి మాత్రమే ఉన్నది ఫంక్షనల్. షాక్ నుంచి ఒక అంచె కాపాడేది బేసిక్. అది పాడైతే ఆదుకోవడానికి విడిగా ఉన్న రెండో అంచె సప్లిమెంటరీ. రెండూ కలిస్తే డబుల్. రెండింటి పనీ ఒక్కటే చేస్తే రీఇన్‌ఫోర్స్‌డ్.

మన అడాప్టర్‌లో ఎర్త్ లేదు. ఒక అంచె పోతే కరెంటును మళ్లించే దారి ఇంకోటి లేదు. కాబట్టి ఎర్రకూ పచ్చకూ మధ్య ప్రతిచోటా డబుల్ లేదా రీఇన్‌ఫోర్స్‌డ్ ఉండాలి. ఎర్త్ ఉన్న లోహపు డబ్బా అయితే ప్రైమరీకీ ఆ డబ్బాకూ మధ్య బేసిక్ చాలు, ఎర్త్ రెండో రక్షణ అవుతుంది. పల్లెల్లో, పాత ఇళ్లలో మూడో పిన్ను రంధ్రం ఉన్నా దాని వెనక ఎర్త్ వైరు లేకపోవడం మనందరికీ తెలిసిన సంగతే. అందుకే చేతిలో పట్టుకునే వస్తువైతే, ప్రమాణం బేసిక్‌తో సరిపెట్టుకోనిచ్చినా నేను క్లాస్ 2 దారినే ఎంచుకుంటాను.

ఇక ఫేజ్, న్యూట్రల్ మధ్య సంగతి. ఫ్యూజ్ దాటాక అక్కడ షార్ట్ అయితే ఫ్యూజ్ పోతుంది, ప్రమాదం తక్కువ. ఫ్యూజ్‌కు ముందు షార్ట్ అయితే ఆపడానికి ఇంటి ఎంసీబీ తప్ప ఏదీ లేదు. ప్లగ్ పిన్ను నుంచి ఫ్యూజ్ వరకు ఉన్న ఆ చిన్న ముక్కలో 2.5 మి.మీ.కి తగ్గకుండా వదలండి.

3. పరిసరాలను అంకెల్లోకి మార్చండి

నాలుగు విషయాలు రాసుకోవాలి.

మొదటిది ఓవర్ వోల్టేజ్ కేటగిరీ, అంటే ఆ చోట ఎంత పెద్ద సర్జ్ రావచ్చో చెప్పే వర్గం. ప్లగ్గుతో సాకెట్‌కు పెట్టేవి 2వ కేటగిరీ. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో బిగించేవి 3. కరెంటు మీటరులాంటివి 4. మన 230 వోల్టుల సరఫరాకు ఈ మూడింటిలో వరుసగా 2500, 4000, 6000 వోల్టుల సర్జ్‌ను తట్టుకోవాలని లెక్క. అడాప్టర్ కాబట్టి మనకు 2500.

రెండోది కాలుష్య స్థాయి, వాడుకలో పొల్యూషన్ డిగ్రీ. దుమ్ము, చెమ్మ చేరకుండా మూసేసిన చోటు 1. మామూలు గదిలో, పొడి దుమ్ము చేరి ఎప్పుడో ఒకసారి నీటి ఆవిరి పట్టే చోటు 2. కరెంటు పారే దుమ్ము, లేదా చెమ్మ తగిలితే అలా మారే దుమ్ము తరచుగా ఉండే చోటు 3. వాననీరు, బురదతో ఎప్పుడూ తడిగా ఉండేది 4. ఇంట్లో వాడే అడాప్టర్ 2 కిందికి వస్తుంది. అయితే చూడాల్సింది ఊరిని కాదు, ఆ బోర్డు కూర్చున్న చోటును. విశాఖ తీరంలో ఉప్పు గాలి తగిలే బాల్కనీలో పెట్టే పరికరమైనా, పొలంలో బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో పెట్టే టైమర్ అయినా 3 అనుకుని లెక్కగట్టడమే న్యాయం. డబ్బా నిజంగా చెమ్మను ఆపుతుందని నిరూపించగలిగితే తగ్గించుకోవచ్చు.

మూడోది పదార్థం. ట్రాకింగ్‌కు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె సీటీఐ. ఐఈసీ 60112 పరీక్షలో, పదార్థం మీద 4 మి.మీ. ఎడంగా రెండు ప్లాటినం ఎలక్ట్రోడ్లు ఆనించి, 30 సెకన్లకొక చుక్క చొప్పున 0.1 శాతం అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం 50 చుక్కలు వేస్తారు. ట్రాకింగ్ రాకుండా నిలిచిన అత్యధిక వోల్టేజీ సీటీఐ అవుతుంది. 600, అంతకు పైన ఉంటే గ్రూప్ 1. 400 నుంచి 600 లోపు గ్రూప్ 2. 175 నుంచి 400 లోపు 3ఎ. 100 నుంచి 175 లోపు 3బి. మామూలు ఎఫ్‌ఆర్-4 సాధారణంగా 3ఎలో పడుతుంది. సీటీఐ చెప్పే కాగితం చేతిలో లేకపోతే 3బి అనే అనుకోవాలి. లెక్కకు 3ఎ, 3బి రెండూ ఒకే వరుసలో ఉంటాయి. ఎక్కువ సీటీఐ ఉన్న లామినేట్ (బోర్డు పలక) దొరుకుతుంది, ధర కాస్త ఎక్కువ. చోటు ఇరుకైనప్పుడు ఆ ఖర్చుకు విలువ ఉంది.

నాలుగోది ఎత్తు. మామూలు టేబుళ్లు సముద్రమట్టం నుంచి 2000 మీటర్ల దాకానే చెల్లుతాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి తొందరగా చీలిపోతుంది. అప్పుడు క్లియరెన్స్‌ను 3000 మీటర్ల దగ్గర 1.14తో, 4000 దగ్గర 1.29తో, 5000 దగ్గర 1.48తో హెచ్చించాలి. హైదరాబాద్‌లో దీనితో పనిలేదు. లేహ్‌లో అమ్మాలన్నా, చైనాకు ఎగుమతి చేయాలన్నా ఉంది. చైనా ప్రమాణం ప్రత్యేక గుర్తు వేయని పరికరాలన్నిటినీ 5000 మీటర్లకు లెక్కగడుతుంది. క్రీపేజ్‌కు ఈ హెచ్చింపు లేదు. కానీ క్రీపేజ్ ఎప్పుడూ క్లియరెన్స్ కంటే తక్కువ ఉండకూడదు కాబట్టి, అది కూడా ఒక్కోసారి పెరగాల్సి వస్తుంది.

4. వర్కింగ్ వోల్టేజీని కొలవండి

ఇన్‌పుట్ 240 కదా, అదే వర్కింగ్ వోల్టేజీ అనుకుంటే తప్పులో కాలేసినట్టే. ఫ్లైబ్యాక్‌లో 240 వోల్టుల ఏసీ, బ్రిడ్జ్ దాటాక దాదాపు 340 వోల్టుల డీసీ అవుతుంది. మాస్‌ఫెట్ ఆగినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వెనక్కి వచ్చే వోల్టేజీ దానికి కలుస్తుంది. మాస్‌ఫెట్ డ్రెయిన్ కాలు దగ్గర 500, 600 వోల్టుల పీక్ కనిపించడం మామూలే. ఆర్‌ఎంఎస్ కూడా 240 దాటుతుంది.

కొలిచే పద్ధతి ఇదీ. రేటెడ్ పరిధిలో అత్యధిక వోల్టేజీ, అంటే మనకు 240, ఇవ్వండి. తేలుతూ ఉన్న సెకండరీ గ్రౌండును లైను వైపు న్యూట్రల్‌కు కలిపి ఒక రిఫరెన్స్ ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ పిన్నుల్లో ప్రతిదానికీ, సెకండరీ పిన్నుల్లో ప్రతిదానికీ మధ్య పీక్, ఆర్‌ఎంఎస్ రెండూ చదివి పట్టిక రాయండి. ఆప్టోకప్లర్ (వెలుతురుతో సంకేతాన్ని అవతలి వైపుకు పంపే భాగం) కాళ్ల మధ్య, వై కెపాసిటర్ (రెండు వైపులనూ కలుపుతూ రేడియో గోలను తగ్గించేది) కాళ్ల మధ్య కూడా చదవాలి. ఖాళీ లోడు, ఫుల్ లోడు రెండింటిలోనూ చూడండి.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. ఈ పని హై వోల్టేజ్ డిఫరెన్షియల్ ప్రోబ్‌తోనే చేయాలి. ఆసిలోస్కోప్ ఎర్త్ పిన్ను విరిచి "ఫ్లోటింగ్"గా వాడే అలవాటు కొన్ని వర్క్‌షాపుల్లో ఇంకా ఉంది. అప్పుడు స్కోపు లోహపు భాగాలన్నీ 340 వోల్టుల మీద కూర్చుంటాయి. దయచేసి ఎవరూ అలా చేయొద్దు, పక్కవాళ్లను చేయనివ్వొద్దు.

మన అడాప్టర్‌లో అత్యధిక ఆర్‌ఎంఎస్ 280 వోల్టులు వచ్చిందనుకుందాం.

5. క్లియరెన్స్ లెక్క

62368-1లో దీనికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది మళ్లీ మళ్లీ వచ్చే పీక్ వోల్టేజీ, తాత్కాలిక ఓవర్ వోల్టేజీల ఆధారంగా, రెండోది సర్జ్ ఆధారంగా. స్విచ్చింగ్ 30 కిలోహెర్ట్జ్ దాటితే మొదటి పద్ధతిలో దానికి వేరే టేబుల్ ఉంది. మన సర్క్యూట్ 65 కిలోహెర్ట్జ్‌తో స్విచ్ అవుతుందనుకుంటే, అది కూడా చూడాలి. వచ్చిన వాటిలో పెద్దది తీసుకోవాలి.

మెయిన్స్ మీద నడిచే మామూలు అడాప్టర్‌లో ఎక్కువగా సర్జ్ లెక్కే పైచేయి అవుతుంది. 2500 వోల్టులకు బేసిక్ 1.5 మి.మీ. రీఇన్‌ఫోర్స్‌డ్‌కు 3.0 మి.మీ. ఇది 1.5కు రెట్టింపు కావడం యాదృచ్ఛికం. అసలు నియమం, సర్జ్ వరుసలో ఒక మెట్టు పైకెక్కడం. 2500 తర్వాత మెట్టు 4000, దానికి బేసిక్ విలువ 3.0. అదే నియమంతో 3వ కేటగిరీ పరికరానికి 4000 నుంచి 6000కు ఎక్కితే 5.5 వస్తుంది, రెట్టింపు చేస్తే వచ్చే 6 కాదు.

చైనా కోసమైతే 3.0ను 1.48తో హెచ్చిస్తే 4.44, అంటే 4.5 మి.మీ. అనుకోండి.

6. క్రీపేజ్ లెక్క

గ్రూప్ 3 పదార్థం, పొల్యూషన్ డిగ్రీ 2 ఉన్నప్పుడు బేసిక్ విలువలు ఇలా ఉంటాయి: 200 వోల్టులకు 2.0 మి.మీ., 250కి 2.5, 320కి 3.2, 400కు 4.0, 500కు 5.0. అంటే 100 వోల్టులకు ఒక మిల్లీమీటరు. ఈ ఒక్క వరుసనూ నోటికి పెట్టుకోవచ్చు, మిగతావన్నీ టేబుల్ చూసే రాయండి.

మన 280 వోల్టులు 250కీ 320కీ మధ్య ఉంది. మధ్య విలువను అనుపాతంలో తీసుకోవచ్చు: 2.8 మి.మీ. రీఇన్‌ఫోర్స్‌డ్‌కు క్రీపేజ్ నిజంగానే రెట్టింపు, కాబట్టి 5.6 మి.మీ. "ఆరు వదిలితే చాలు" అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ కనిపిస్తుంది. ఇదే బోర్డును డిగ్రీ 3 చోట పెడితే? 250కి 4.0, 320కి 5.0 మధ్యలో లెక్కగట్టి రెట్టింపు చేస్తే దాదాపు 9 మి.మీ. అప్పుడు ఆరూ చాలదు, ఎనిమిదీ చాలదు. అదే డిగ్రీ 2లో గ్రూప్ 1 పదార్థం వాడితే 250కి 1.25 మాత్రమే, గ్రూప్ 3లో సగం.

మన అడాప్టర్‌కు తేలినవి: క్లియరెన్స్ 3.0, క్రీపేజ్ 5.6. బోర్డు మీద నేనైతే 6.5 గీస్తాను. పీసీబీ తయారీలో తేడాలు, సోల్డర్ గడ్డలు, కాస్త వంగిన కాళ్లు అన్నీ ఆ మిగులులోంచే పోతాయి.

7. బోర్డు మీద పెట్టడం

లేఅవుట్‌లో మొదట గీయాల్సింది ఒక్క ట్రాకు కూడా కాదు, ప్రైమరీ సెకండరీల మధ్య 6.5 మి.మీ. వెడల్పు పట్టీ. బోర్డు ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, వీలైనంత సూటిగా. దాన్ని దాటే హక్కు ట్రాన్స్‌ఫార్మర్‌కు, ఆప్టోకప్లర్‌కు, వై కెపాసిటర్‌కు మాత్రమే. అన్నీ అమర్చాక చివర్లో పట్టీ ఇరికించబోతే అది పాములా వంకర్లు తిరుగుతుంది, ఎక్కడో ఒకచోట నాలుగు మిల్లీమీటర్లకు పడిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ప్రైమరీ, సెకండరీ నెట్లకు (కనెక్షన్లకు) వేర్వేరు క్లాసులు పెట్టి డీఆర్‌సీ (డిజైన్ నియమాల తనిఖీ) నియమం రాయండి. కానీ దాన్నే నమ్ముకోవద్దు. దానికి స్క్రూ తల తెలియదు, హీట్‌సింక్ వెడల్పు తెలియదు, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పక్కకు వాలుతుందని తెలియదు. పట్టీలో వదిలేసిన తేలే రాగి ముక్క కూడా దూరాన్ని తినేస్తుంది. కరెంటు ఆ రాగి దాకా ఒక గెంతు, అక్కడి నుంచి ఇంకో గెంతు వేస్తుంది. లోగో, ఫిడ్యూషియల్ గుర్తు (యంత్రం బోర్డును సరిచూసుకునే చుక్క), టెస్ట్ పాయింట్ ఏదీ అక్కడ ఉండొద్దు.

ఇన్సులేషన్ అని పొరబడే పొరలు కొన్ని ఉన్నాయి. పచ్చ సోల్డర్ మాస్క్ లెక్కలోకి రాదు. కెపాసిటర్ మీది ప్లాస్టిక్ తొడుగు లెక్కలోకి రాదు, లోపలి అల్యూమినియం డబ్బాను దాని నెగటివ్ కాలుగానే చూడాలి. వైండింగ్ వైరు మీది ఎనామెల్ కూడా అంతే. బోర్డు మీద చల్లే వార్నిష్ వల్ల దూరం తగ్గించుకోవాలంటే ఐఈసీ 60664-3 పరీక్షలు దాటిన కోటింగ్ అయి ఉండాలి.

క్రీపేజ్ చాలకపోతే స్లాటు కోయండి. ఇక్కడ వెడల్పు చాలా ముఖ్యం. డిగ్రీ 2లో 1.0 మి.మీ., డిగ్రీ 3లో 1.5 మి.మీ. కంటే సన్నని గాడిని ప్రమాణం గాడిగా గుర్తించదు, దుమ్ము దాన్ని పూడ్చేస్తుందని భావించి నేరుగా దాటేసి కొలుస్తుంది. (క్లియరెన్స్ 3 మి.మీ.కి లోపు అవసరమైన చోట ఈ హద్దు ఆ క్లియరెన్స్‌లో మూడోవంతుకు తగ్గుతుంది. మనకు ఆ వెసులుబాటు లేదు.) 0.8 మి.మీ. బిట్‌తో కోసిన అందమైన స్లాటు ల్యాబ్‌లో ఎందుకూ పనికిరాదు. పొడవూ చూడాలి: ఉపరితల దారి స్లాటు కొసను చుట్టి వెళ్తుంది. ప్యాడ్ వరుస దాటి స్లాటు తగినంత బయటికి వస్తేనే ఆ చుట్టుదారి 5.6కు చేరుతుంది. స్లాటు క్లియరెన్స్‌ను పెంచదు, దాని పైన గాలి అలాగే ఉంటుంది.

డబ్బా విషయానికొస్తే, రెండు చిప్పలు కలిసే అతుకు దగ్గర జాగ్రత్త. క్లిప్పులతో బిగించే డబ్బాలో ఆ అతుకు ఒక దారి. ప్రైమరీ సోల్డర్ నుంచి అతుకు గుండా బయటి ముఖం దాకా 5.6 రావాలి. అల్ట్రాసోనిక్ వెల్డింగ్ సరిగ్గా జరిగితే ఆ దారి మూసుకుపోతుంది. ప్లగ్ పిన్నుల చుట్టూ ఉన్న చోటును కూడా ఇలాగే చూడాలి.

8. పట్టీని దాటే ముగ్గురు

వై కెపాసిటర్: రీఇన్‌ఫోర్స్‌డ్ పట్టీ మీద ఒక్కటే పెడితే అది ఐఈసీ 60384-14 ప్రకారం వై1 రకం కావాలి. వై1ను 8 కిలోవోల్టుల ఇంపల్స్‌తో, వై2ను 5తో పరీక్షిస్తారు. వై2 వాడాలంటే రెండు సిరీస్‌లో పెట్టాలి.

ఆప్టోకప్లర్: మామూలు నాలుగు కాళ్ల ప్యాకేజీలో కాళ్ల వరుసల మధ్య 7.62 మి.మీ. ప్యాడ్లు వేశాక అది ఐదున్నరకు పడిపోవడం చాలా సులువు. ప్యాడ్లను లోపలి వైపు సన్నగా చేయండి, లేదా 10.16 మి.మీ.కు కాళ్లు విడదీసిన రకం కొనండి. ఐఈసీ 60747-5-5 సర్టిఫికెట్ ఉన్నదే తీసుకోండి, లోపలి ఇన్సులేషన్ మందం గొడవ తప్పుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్: ఎక్కువ డిజైన్లు తిరిగొచ్చేది ఇక్కడే. రెండు దారులున్నాయి. బాబిన్ (వైరు చుట్టే ప్లాస్టిక్ చట్రం) రెండు అంచుల్లో మార్జిన్ టేపు చుట్టి వైండింగ్‌ను దూరంగా ఉంచడం ఒకటి. సెకండరీకి మూడు పొరల ఇన్సులేటెడ్ వైరు వాడడం రెండోది. చిన్న అడాప్టర్లలో రెండోదే మేలు. వైండింగుల మధ్య టేపు మూడు చుట్లు వేస్తే, అందులో ఏ రెండు పొరలైనా రీఇన్‌ఫోర్స్‌డ్ పరీక్షను తట్టుకోవాలి. మూడు పొరల వైరును పిన్ను దగ్గర గీకి సోల్డర్ చేసిన చోట అది మామూలు వైరే. ఆ పిన్ను నుంచి కోర్‌కు, ప్రైమరీ పిన్నులకు దూరం మళ్లీ కొలవాలి. ఫెరైట్ కోర్‌ను లోహంలాగే చూడండి. అది ప్రైమరీ వైపు ఆనుకుని ఉంటే ప్రైమరీ కిందే లెక్క, అప్పుడు కోర్ నుంచి సెకండరీ భాగాలకు పూర్తి దూరం కావాలి.

9. కొలవడం, పరీక్షించడం

డిజిటల్ వెర్నియర్, ఫీలర్ గేజ్, స్కేలు ఉన్న చిన్న మైక్రోస్కోపు చాలు. తయారైన బోర్డు మీద, సోల్డర్ తర్వాత, కొలవండి. లోపలి భాగాలను 10 న్యూటన్ల బలంతో, అంటే కిలో బరువంతతో, చెడ్డ దిశలోకి నెట్టి అప్పుడు ఉన్న దూరాన్ని రాయాలి. నిలబడి ఉన్న కెపాసిటర్ ట్రాన్స్‌ఫార్మర్ వైపు వాలితే ఎంత మిగులుతుందో అప్పుడు తెలుస్తుంది. గృహోపకరణాల ప్రమాణంలో ఈ బలాలు వేరు: బయటికున్న కండక్టర్లకు 2 న్యూటన్లు, తాకే ఉపరితలాలకు 30. ఏ ఆకారపు గాడిని ఎలా కొలవాలో 62368-1లోని O అనే అనుబంధంలో బొమ్మలున్నాయి. వాటిని ప్రింటు తీసి బెంచి ముందు అంటించుకోవడం మంచి అలవాటు.

తర్వాత హైపాట్ పరీక్ష, అంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చి ఇన్సులేషన్ తట్టుకుంటుందో చూడడం: మన రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్‌కు 4000 వోల్టుల పీక్. ఏసీతో చేస్తే వై కెపాసిటర్ గుండా కరెంటు వెళ్తుంది. 2.2 నానోఫారడ్ అయితే దాదాపు 2 మిల్లీ ఆంపియర్లు. అది చూసి ఇన్సులేషన్ పోయిందని కంగారుపడొద్దు, ట్రిప్ హద్దును దానికి తగ్గట్టు పెట్టండి, లేదా డీసీ వాడండి.

"హైపాట్ పాసైంది కదా, ఇక దూరంతో పనేంటి" అనే మాట ఫ్యాక్టరీల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఇది ప్రమాదకరమైన మాట. 2.5 మి.మీ. మాత్రమే ఉన్న కొత్త, శుభ్రమైన బోర్డు కూడా ఆ పరీక్షను దాటిపోవచ్చు. ఆ ఒక్క నిమిషంలో దుమ్ము లేదు, చెమ్మ లేదు, బొగ్గు గీత పెరగడానికి సమయం లేదు. ఇన్సులేషన్‌లో చిల్లు ఉంటే హైపాట్ పట్టుకుంటుంది. క్రీపేజ్ చాలిందో లేదో చెప్పగలిగేది కొలత ఒక్కటే.

10. ప్రొడక్షన్‌లో కాపాడుకోవడం

ఫలితాలన్నీ ఒక పట్టికలో పెట్టండి: ఎక్కడి నుంచి ఎక్కడికి, ఇన్సులేషన్ రకం, ఆర్‌ఎంఎస్, పీక్, కావాల్సిన క్లియరెన్స్, కొలిచిన క్లియరెన్స్, కావాల్సిన క్రీపేజ్, కొలిచిన క్రీపేజ్. ల్యాబ్ రిపోర్టులో అడిగేదీ ఇదే. ఫోటోల మీద గీతలు గీసి జత చేస్తే ఇంజినీరుతో వాదన సగం తగ్గుతుంది.

డ్రాయింగ్‌లో కాలి పొడవు, కాళ్లు ఏ వైపు వంచాలో కూడా రాయండి. సోల్డర్ వైపు కాలును పట్టీలోకి వంచితే ఒక్క దెబ్బకు 2 మి.మీ. పోతుంది. కొనుగోలు విభాగం ఆప్టోకప్లర్, వై కెపాసిటర్, ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు లామినేట్ ఈ నాలుగింటిలో ఏది మార్చినా, ధర తగ్గినా, "సేమ్ పార్టే సార్" అని సప్లయర్ చెప్పినా, పట్టికలో సంబంధించిన వరుసలు మళ్లీ కొలిచి సంతకం పెట్టాకే లైనులోకి పంపండి. లామినేట్ మారితే సీటీఐ కాగితం కొత్తది అడగండి. అది రాకపోతే ఆ బోర్డును 3బిగానే లెక్కగట్టండి.